దండాసి ఎడమచెయ్యి

సముద్రం అవతల, పజుండౌంగు వడ్లమిల్లులో కూలీలంతా కబుర్లాడుకుంటూ గుంపుగా నడుస్తారు. కప్పుదాకా పోసిన వడ్లగుట్ట కిందికి రాగానే దండాసి ఒక్కడే ఆగిపోతాడు. ముందువాడు అవతలికి చేరాకే అడుగేస్తాడు. ఎడమచెయ్యి ఎప్పుడూ పిడికిలే. ముసలాడికి పిచ్చని అందరూ నవ్వుతారు.

మొన్న గంజాం నుంచి కొత్తగా ఓడ దిగిన రాజ్యం, గుట్టని చూసి జడిసి, మొగుడి చెయ్యి పట్టుకుని దాటబోయింది. దండాసి ఒక్క ఉదుటున వచ్చి ఇద్దరి చేతులూ విడదీశాడు.

"నా మొగుడి సెయ్యి నేనట్టుకుంటే నీకేటి నొప్పి, మావా?"

"ఒకలు దాటినాకే ఇంకొకలు ఎల్లాల. ఉత్తరాన మంచుకొండల్లో సర్వే దొరల మూటలు మోసినోణ్ణి. రెండ్రోజులు ఇడవకుండా మంచు పడి, ఈ గుట్టలాగే పేరుకుపోనాది. దారి సూపించే కాచిన్ కొండజాతి ముసిలోడు ఇదే మాట సెప్పినాడు. తమ్ముడు జడుస్తన్నాడని నేనే సెయ్యట్టుకుని కలిసి నడిసినాను. ఇద్దరి బరువుకీ మంచు జారిపోనాది. ఆడి సెయ్యి నా ఈ ఎడం సేతిలోంచి పోనాది."

రాజ్యం ఒక్కతే దాటింది. తరవాత మొగుడు దాటాడు. గుట్టలోంచి ఒక్క గింజ కూడా జారలేదు. కూలీలు మళ్ళీ నవ్వారు. అవతల ఆ ఇద్దరూ చేతులు కలుపుకునేదాకా చూసి, దండాసి పిడికిలి విప్పాడు. ఖాళీ అరచేతిని పంచెకి తుడుచుకుని, మళ్ళీ మూసుకున్నాడు.