కెటూరా భయం

ఫిలడెల్ఫియా రేవు పక్కన సారాయంగడి నడుపుకునే వితంతువు కెటూరాకు ఇంగ్లండు రాజుగారంటే చచ్చేంత భయం. ఎవరైనా ఆ పేరెత్తితే చాలు, తుడిచిన లోటానే మళ్ళీ తుడుస్తుంది. ఆ చలికాలం పీపాలు చేసే ఇజ్రా రాజుగారి ఏలుబడిని ప్రశ్నిస్తూ కొత్తగా అచ్చయిన చిన్న పుస్తకమొకటి తెచ్చి, అంగడిలో అందరికీ చదివి వినిపించేవాడు. "సముద్రానికి అవతల కూర్చున్నవాడికి మన పొయ్యిలో నిప్పుందో లేదో ఏం తెలుసు? వాడెందుకు మనల్ని ఏలాలి?" చదువురాని కెటూరాకు ఒళ్ళు జలదరించింది. అది తను వంటింట్లో గొణుక్కునే మాటే.

ఒక మధ్యాహ్నం చదువు మధ్యలో మేజిస్ట్రేటు మనిషి తలుపు తోసుకుని వచ్చాడు. రాజుగారి పేర అంగడికి లైసెన్సు ఇచ్చేదీ, పీకేసేదీ ఆయన యజమానే. ఇజ్రా చప్పున పుస్తకం తొడ కింద దాచాడు.

"ఏంటి, నన్ను చూసి గొంతులు పడిపోయాయా? ఏం చదువుతున్నారు?"

కెటూరా పోస్తున్న బీరు లోటా అంచు దాటి ఒలికింది. ఆమె కూజాను బల్లమీద పెట్టింది.

"కూర్చోండయ్యా, మీరూ వినండి," అంది. తర్వాత ఇజ్రా వైపు తిరిగింది. "ఆపావేం? మొదట్నుంచి చదువు."

ఆ మనిషి కూర్చోలేదు, వెళ్ళనూ లేదు. ఇజ్రా చదివినంతసేపూ కెటూరా తుడిచిన లోటానే మళ్ళీ మళ్ళీ తుడిచింది. అయినా చివరిదాకా అక్కడే నిలబడింది.