ఏడు గుంపుల పురుగుల ఆట

ఈ సంగతి ఇంతకుముందు రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం రాదు. పని మానేశాక, మామిడిపల్లి చర్చిలో పాస్టరమ్మ ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతుంటే వెళ్లి కూర్చున్నాను. ఆవిడ నేర్పింది బైబిల్ చదువుకోమని. నేను పురుగులను కాల్చే ఆట గురించి రాస్తున్నాను. దేవుడికి ఇంతకంటే పెద్ద తలనొప్పులు ఉంటాయి.

కరోనా బందులు ముగిసిన తర్వాతి ఎండాకాలంలో నన్ను ఒక్కరోజు పని మీద శంషాబాద్ పంపారు. అప్పుడు నేను కాటేదాన్‌లో గేమ్ మిషన్లు తయారుచేసే ఒక షెడ్డులో టెస్టింగ్ బల్లకు పెద్దను. నా కింద నలుగురు ఆడవాళ్లు. మిషన్‌కు బిగించబోయే ప్రతి హ్యాండిల్‌నూ ఎనిమిది దిక్కులా తిప్పి, స్ప్రింగు వదులుగా ఉందా, లోపలి స్విచ్ ‘టిక్’మంటుందా చూడటం మా పని. తర్వాత మొత్తం మిషన్ మీద ఆట చివరిదాకా ఆడి పాస్ చేసేదాన్ని నేను. బాగుంటే సుద్దగీత, లేకపోతే ఎర్ర దారం. చదువుతో పనే లేదు.

ఆ ఏడాది చేసింది రెండు హ్యాండిళ్ల ఆట. ఎడమది బొమ్మను నడిపిస్తుంది, కుడిది తుపాకిని తిప్పుతుంది. తూర్పుకు పరుగెత్తుతూ పడమరకు కాల్చవచ్చు. మజా అంతా అందులోనే ఉంది. బయట బతుకులో పారిపోతే పారిపోవడమే, తిట్టాలంటే ఆగి తిట్టాలి. ఇక్కడ రెండూ ఒకేసారి.

ఆట తయారుచేసింది ప్రసాద్ గారు, భీమవరం వైపు నుంచి వచ్చిన ఇంజనీరు. మనుషులనే కాదు, మొరాయించిన మిషన్‌ను కూడా ‘అండీ’ అనేవారు. యజమాని చౌకగా కావాలన్నాడు కాబట్టి మూడు రకాల పురుగులు, ఒకటే సంగీతం, ఏడు గుంపులు. ఏడో గుంపు చచ్చాక మొదటి గుంపే వస్తుంది, పాత చీరకు రంగు వేయించి కొత్తదని కట్టుకున్నట్టు.

మిషన్‌ను అడిగేవాడు లేడు. ఎయిర్‌పోర్టుకు తిరిగే దారిలో ఫుడ్ కోర్టు నడిపే మల్లేశం మాత్రం ఒక రోజు పెట్టి చూస్తానన్నాడు. అతను వద్దంటే టెస్టింగ్ బల్లే తీసేస్తానని యజమాని చెప్పాడు. అప్పుడు మేము అయిదుగురమూ ఇంటికే.

ప్రసాద్ గారూ నేనూ పొద్దున్నే ట్రాలీ ఆటోలో మిషన్ తీసుకెళ్లి దించాం. మల్లేశం దాని చుట్టూ బర్రెను బేరమాడినట్టు తిరిగాడు.

“ఏడు గుంపులైనంక ఏముందక్కా?”

“మళ్ల గవే పురుగులన్నా, రంగు మార్చుకొని వస్తయి.”

“గట్లయితే రెండోసారి ఎవడాడుతడు?”

“నీ దగ్గరికి రెండోసారి ఎవడొస్తడు? దుబాయ్ పోయేటోన్ని ఎక్కించి, చాయ్ తాగి పోతరు. ఏడో గుంపు దాంక బతికేంత తీరిక ఎవనికుంది?”

అతను నవ్వాడు కానీ ఒప్పుకోలేదు. సాయంత్రం తానే ఆడి చూశాక చెబుతానన్నాడు.

పగలంతా నేను చెప్పినట్టే జరిగింది. సాగనంపడానికి వచ్చినవాళ్లను గేటు దగ్గరే ఆపేస్తారు కదా, అక్కడి నుంచి ముఖాలు వేలాడేసుకుని వచ్చేవారు. తినబుద్ధి కాదు, ఇంటికి పోబుద్ధి కాదు. హ్యాండిళ్లు పట్టుకున్నాక, ఇప్పుడే ఏడ్చిన ఒకావిడ కూడా “సావురా, సావు!” అని పురుగుల మీద అరిచింది. అయితే పది నిమిషాలు దాటి ఎవరూ ఆడలేదు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉండిపోయిన క్యాబ్ డ్రైవర్లు ముగ్గురు మూడోసారికి ఆవలించారు. మల్లేశం ఆ ఆవలింతలు చూశాడు.

నాలుగింటికి బావమరిదిని, అతని స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చాడు. ప్రసాద్ గారు అప్పుడే మజ్జిగ తాగడానికి పక్కకు వెళ్లారు. నేను టోకెన్ అందించబోయాను.

“నా దుకాణంల నాకు టోకెన్ ఏందక్కా!” అని మల్లేశం నేరుగా హ్యాండిళ్లు పట్టుకున్నాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఎవరూ ఆడనప్పుడు మిషన్ ఊరికే ఉండదు. జనాన్ని పిలవడానికి తన ఆట తానే ఆడి చూపిస్తుంది. తెర పై మూలలో ఆ సంగతి ఎర్ర అక్షరాలతో ఇంగ్లీషులో ఉంటుంది. నాకు చదవరాదు, మల్లేశం పైకి చూడలేదు. అతను ఎడమకు గుంజితే బొమ్మ కుడికి పోతోంది. అయినా పురుగులు కుప్పలుగా చస్తున్నాయి కాబట్టి అతనికి అనుమానం రాలేదు. ఆ వరస నేను రోజూ చూసేదే. మొదట ఎడమ మూల, తర్వాత గుండ్రంగా ఒక చుట్టు.

“అరె, బావ! మామూలోనివి కాదు నువ్వు!” అన్నాడు బావమరిది. నలుగురు చప్పట్లు కొట్టారు.

ప్రసాద్ గారు తిరిగొచ్చి తెర చూశారు, ఆ ఎర్ర అక్షరాలు చూశారు, నోరు తెరిచారు. “ఏవండీ, ఆయన అసలు...” అంటుండగా నేను ఆయన కాలు తొక్కాను. మల్లేశం చెమట తుడుచుకుని, మిషన్ ఉంచేస్తున్నానని అందరి ముందూ ప్రకటించాడు.

వాపసు వస్తుంటే ట్రాలీ ఆటోలో ప్రసాద్ గారు, ఇది మోసం కాదా అని అడిగారు. నేను అబద్ధమేమీ చెప్పలేదని అన్నాను. నిజమూ చెప్పలేదు కదండీ అన్నారు. కాలు నొప్పిగా ఉందని కూడా అన్నారు. మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది: లోపమున్న సరుకును తెలిసి పాస్ చేసినవాళ్లే కొన్నవాళ్ల దగ్గరికి పోయి, ఎదురుగా నిలబడి చెప్పి రావాలి. దాన్ని పెట్టింది నేనే. మిషన్‌లో లోపం లేదు, కానీ నేను పాస్ చేయించిన తీరులో ఉంది. పైగా అతను టోకెన్ వేసి ఆడిన రోజు రెండు నిమిషాల్లో చస్తాడు, మిషన్ మా మొహాన కొడతాడు. అప్పుడు బల్లా పోతుంది, మాటా పోతుంది.

ఈ పనిలో నేను చివరగా నేర్చుకున్నది ఇది: మిషన్‌ను పరీక్షించడం సగం పనే. దాన్ని ఎవరు, ఎవరి కళ్ల ముందు ఆడతారో చూసుకోవడం మిగతా సగం.

మరునాడు పొద్దున్నే, షట్టరు సగం లేచి ఉండగానే, మల్లేశం దగ్గరికి వెళ్లాను. కుర్చీలు తుడుస్తున్నాడు.

“అన్నా, నిన్న ఆడింది నువ్వు కాదు, మిషన్. వద్దంటే ఇప్పుడే తీస్కపోత.”

అతను తుడిచే గుడ్డ కింద పెట్టాడు. కోపం వచ్చింది, నాలుగు మాటలు అన్నాడు, అనాల్సినవే. తర్వాత గొంతు తగ్గించాడు.

“ఇంకెవరికి తెల్సు?”

“మా సారుకు.”

“మా బామ్మర్దికి?”

“తెల్వదు.”

“వాడు పదింటికి మళ్ల వస్తడు, దోస్తులను పట్కొని. నేనాడేది చూపిస్తనని పిలిచిన.” ఫోన్‌లో టైము చూశాడు. “గంటన్నర ఉంది. నేర్పు. నేర్పినవా, మిషన్ ఇక్కడే ఉంటది.”

నేను చేతిసంచీ కౌంటరు మీద పెట్టి, అతని వెనక నిలబడ్డాను. మొదటిసారి మొదటి గుంపులోనే చచ్చాడు. రెండోసారీ అంతే. తొమ్మిదిన్నరకు నాలుగో గుంపు దాకా వచ్చాడు. బావమరిది బండి ఆగిన చప్పుడు వినగానే సంచీ తీసుకుని వెనక తలుపు నుంచి బయటపడి, కాటేదాన్ పోయే షేర్ ఆటో ఎక్కాను.