ఒక పలకకి ఒక గుప్పెడు

రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లే లారీ మా వీధిలోకి వచ్చిందంటే కిటికీలన్నీ మూసి ఉన్నా తెలిసిపోతుంది. చేటలో బియ్యం చెరుగుతున్నట్టు ఒక చప్పుడు వీధి పొడవునా సాగుతుంది. ఈ ఉదయం మా కుక్క లడ్డును తిప్పి తీసుకొచ్చి గరాజ్‌లో అడుగు పెడుతుంటే ఆ చప్పుడు వినపడింది. అలవాటు ప్రకారం ఇత్తడి చెంబులో గోరువెచ్చని నీళ్ళు పట్టి, పాత తువ్వాలు తెచ్చుకుని, ముక్కాలి పీట మీద కూర్చున్నాను. చెంబును చూడగానే లడ్డు మొహం వేలాడేసింది. కాళ్ళు కడిగించుకోవడమంటే దానికి చచ్చేంత చిరాకు. తడిసిన కుక్క వాసనా, ఆవిరీ కలిసి ముక్కుకు తగలగానే ప్రకాశరావు గారు గుర్తొచ్చారు. ఆ చెంబు ఆయనదే. నా కుక్కకి కాళ్ళు కడిగే ఈ పద్ధతి కూడా ఆయనదే.

పదకొండేళ్ళ కిందట మేము అమెరికాలో, ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు కొన్నప్పుడు ఆయన మా పక్కింటాయన. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. ముప్పై ఏళ్ళు ఒక కార్ల కంపెనీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ ఉద్యోగం ఏమిటని అడిగితే నవ్వేవారు. ఇనుప రేకుల్ని ఉప్పునీటి ఆవిరిలో వేలాడదీసి, ఏ రేకు ఎన్నాళ్ళకి తుప్పు పడుతుందో చూడటమట. చలికాలంలో మిషిగన్ రోడ్ల మీద చల్లే ఉప్పు కార్ల అడుగుభాగాన్ని ఎలా తినేస్తుందో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. ఆయనకి తోడు నేరేడు అనే నల్లటి ముసలి కుక్క. నేరేడుపండు రంగులో ఉందని ఆ పేరు పెట్టారు.

మొదటి చలికాలంలోనే ఒక రోజు ఆయన గరాజ్ గుమ్మంలో కూర్చుని ఆ కుక్క కాళ్ళు ఒక్కొక్కటే చెంబునీళ్ళతో కడిగి, వేళ్ళ సందుల్లో తువ్వాలు పెట్టి తుడవడం చూశాను. నాకు నవ్వాగలేదు. కుక్కకి కూడా కాళ్ళు కడుగుతరా అంకుల్ అని అడిగేశాను.

"బయటినుంచొస్తే మనం కడుక్కోమేంటమ్మా? పైగా దీనికి చెప్పులు కూడా లేవు," అన్నారు ఆయన తల ఎత్తకుండానే. "ఇనుమునే తినేసే ఉప్పు, అరికాలిని ఊరుకుంటుందా?"

చెప్పులు లేవన్నమాట పూర్తిగా నిజం కాదు. అంతకుముందు ఏడాది దాని కాళ్ళకి నాలుగు రబ్బరు తొడుగులు కొన్నారట. అవి వేసుకున్న నేరేడు నిప్పుల మీద నడిచినట్టు నడిచి, రెండు తొడుగుల్ని మంచులో వదిలేసి వచ్చింది. మంచు కరిగాక ఏప్రిల్‌లో పోస్ట్‌బాక్స్ కింద దొరికాయి. ఇక చెంబే శరణ్యం అనుకున్నారు. వేసవిలో ఇంకో పద్ధతి ఉండేది. కుక్కను బయటికి తీసుకెళ్ళేముందు వంగి చెయ్యి తిరగేసి తారు రోడ్డు మీద పెట్టి ఏడు దాకా లెక్కపెట్టేవారు. చెయ్యి ఓర్చుకోలేకపోతే వాకింగ్ సాయంత్రానికి వాయిదా. అవన్నీ చూసి, పనిలేని పెద్దమనిషి ముచ్చట్లు అనుకునేదాన్ని.

రెండో చలికాలంలో మా ఆయన కిరణ్ వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ వారంలోనే ఆఫీస్‌లో లంచ్ దగ్గర ఎవరో చెప్పారు, ఎవరి ఇంటి ముందో నడిచే దారిలో, సైడ్‌వాక్ మీద ఒకాయన జారిపడి ఆ ఇంటివాళ్ళ మీద కేసు పెట్టాడని. ఎక్కడి కేసు, ఎక్కడి గ్రీన్ కార్డ్! కానీ హెచ్-వన్ వీసా మీద బతికేవాళ్ళకి వెనకాల పోలీసు కారు కనపడితేనే గుండె జారుతుంది. కేసంటే గ్రీన్ కార్డ్ పోయినట్టే అని నా బుర్రలో పడిపోయింది. మర్నాడు ఐస్ పడుతుందని ఫోన్‌లో చూడగానే షాపుకి డ్రైవ్ చేసి, నీలం రంగు పలుకులున్న, మంచు కరిగించే ఉప్పుమందు ఒక పెద్ద బస్తా తెచ్చాను. చిటికెడు తక్కువైతే ఎవడు పడతాడో అన్న భయంతో బస్తా మొత్తం మా ఇంటి ముందు పోశాను. కల్లంలో ధాన్యం ఆరబోసినట్టు ఉంది. చూసుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ప్రకాశరావు గారు తలుపు కొట్టారు. ఒంటిమీద స్వెట్టర్ కూడా లేదు. నేరేడు ఆగకుండా వాంతులు చేసుకుంటోందట, తను డ్రైవ్ చేస్తుంటే వెనక కూర్చుని పట్టుకోవాలట. పరుగెత్తాను. కార్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే వణుకుతోంది. ఎక్కడో రోడ్డు మీదే కాలు మండి అక్కడే కూర్చుని నాకేసిందనీ, ఇంటికొచ్చాక మూడు కాళ్ళు కడిగాననీ, నాలుగోది కడిగేలోపే వాంతులు మొదలయ్యాయనీ ఆయన చెబుతున్నారు. నేను ఆ నాలుగో కాలు చూశాను. వేళ్ళ మధ్య వెంట్రుకల్లో నీలం పలుకులు అంటుకుని ఉన్నాయి.

ఆ తర్వాత నేను చేసిన పని ఇప్పటికీ తలచుకోవాలంటే సిగ్గేస్తుంది. జేబురుమాలు తీసి ఆ పలుకుల్ని తుడిచి, మడిచి, కోటు జేబులో దాచేశాను. పశువుల ఆస్పత్రిలో డాక్టరమ్మ ఏమైనా తిన్నదా, ఉప్పు గానీ మందు గానీ నాకిందా అని అడిగింది. వీధంతా ఉప్పే కదా అన్నారు ఆయన. నేను గోడ మీది పిల్లి బొమ్మను చూస్తూ కూర్చున్నాను. రక్తపరీక్షలో ఉప్పు మోతాదు మించిందని తేలింది. డ్రిప్ పెట్టి అక్కడే ఉంచాలన్నారు. ముసలి ప్రాణం, ఏమీ చెప్పలేమన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన అద్దంలో వెనకసీటు కేసి చూసుకుంటూ నడిపారు. నేను జేబులో రుమాలు నొక్కిపట్టుకుని కూర్చున్నాను. ఆయనది దిగులు, నాది పిరికితనం.

పొద్దున్నే బయట గీకుతున్న చప్పుడైతే కిటికీలోంచి చూశాను. ప్రకాశరావు గారు మా సైడ్‌వాక్ మీద వంగి, చీపురుతో ఆ నీలం పలుకుల్ని చేటలోకి ఊడ్చి బకెట్‌లో పోస్తున్నారు. చివరిదాకా ఊడ్చి, ఆ బకెట్ తెచ్చి మా గుమ్మం పక్కన పెట్టి మూత కూడా వేశారు. నా ఉప్పు నాకు అప్పగించారు. ఆయన మెట్లు దిగేలోపు నేను తలుపు తీసి, రుమాలు చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

"నేనే పోసిన అంకుల్. బస్తా మొత్తం పోసిన. నిన్న కార్ల దాని కాలికి అంటింది చూసిన గానీ చెప్పలే," అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆయన రుమాలు కేసి చూసి, "నువ్వు జారి పడలేదు కదా?" అని అడిగారు.

నాకు అర్థం కాలేదు.

"అంత ఐస్‌లో బస్తా మోశావు. ఎక్కడా పడలేదు కదా?"

లేదన్నాను. కిరణ్ ఊళ్ళో లేకపోవడం, కేసు, గ్రీన్ కార్డ్ అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. విని, బకెట్‌లోంచి ఒక గుప్పెడు తీసి నా చేతిలో పోశారు. మా ఇంటి ముందు సిమెంటు పలకల్ని చూపించి, "ఒక పలకకి ఇది చాలు. ముందు మంచు గీకెయ్, తర్వాత ఇది చల్లు. జారకుండా పట్టుకి ఇసక వెయ్. భయపడ్డవాడే గుప్పెడు చాలేచోట బస్తా పోస్తాడమ్మా, నేనూ చేశాను," అన్నారు. ఆయన దేనికి భయపడి ఏం చేశారో నేను అడగలేదు. ఇప్పుడు అడగాలనిపిస్తుంది, అడగడానికి ఆయన లేరు.

నేరేడు మూడో రోజు ఇంటికొచ్చింది. ఇంకో ఏడాదిన్నర బతికింది. కానీ మా ఇల్లు వస్తోందంటే ఆగిపోయి, ఆయన్ని రోడ్డు దాటించి అవతలి వైపు నుంచి నడిపించేది. మంచు లేని రోజుల్లోనూ అంతే. ఆయన అక్కణ్ణుంచే చెయ్యి ఊపేవారు. కుక్క నన్ను క్షమించలేదని నేను ఎన్ని రోజులు కుమిలిపోయానో ఎవరికీ చెప్పుకోలేదు. మరుసటి చలికాలం నవంబరులో, గీకి ఇసక చల్లిన మా పలకల మీద అది మెల్లగా, వాసన చూసుకుంటూ నడిచి వెళ్ళింది. కిటికీ దగ్గర నిలబడి ఏడ్చాను. ఆ తర్వాతి ఏడాది, నేరేడు పోయాక, దాని చెంబును ఆయన నాకిచ్చారు, ఎప్పటికైనా కుక్కను తెచ్చుకుంటావులే అని.

ఈ ఉదయం వాకింగ్‌లో, రెండిళ్ళ అవతల లడ్డు ముందుకాలు పైకెత్తి నిలబడిపోయింది. కింద చూస్తే నీలం పలుకులు, బస్తాకి బస్తా. దాన్ని ఎత్తుకుని ఇంటికి తెచ్చాను. కాళ్ళు కడగడం అయ్యాక బకెట్, చేట, చీపురు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. సగం ఊడ్చేసరికి తలుపు తీసింది ఆ ఇంటి అమ్మాయి. కిందటి నెలే వచ్చిన తెలుగువాళ్ళు. రంగు పాలిపోయిన మొహంతో, "ఆంటీ, ఏమైనా ప్రాబ్లమా? ఎవరైనా కంప్లైంట్ చేశారా?" అని అడిగింది.

లేదమ్మా అన్నాను. పలకల గురించీ గుప్పెడు గురించీ చెబుదామనే వెళ్ళాను. కానీ ఆ మొహం నాకు బాగా తెలిసిన మొహం. చీపురు పక్కన పెట్టాను.

"అంత బస్తా ఒక్కదానివే మోశావా? ఎక్కడా జారి పడలేదు కదా?" అని అడిగాను.