నెత్తికెక్కిన అంచు

ఖంపెంగ్ మగ్గం అటకెక్కి చాలా ఏళ్లయింది. ఆడవాళ్లు నడుముకు చుట్టుకునే సిన్‌లు మిషను మీద నేసినవి థాఖేక్ సంతలో గుట్టలు పోసి అమ్ముతుంటే, పాదాల దగ్గర వచ్చే ఒక్క అంచు కోసం నెలంతా పట్టుపోగులు ఎత్తే మనిషి గోడు ఎవరికి పట్టింది? తల్లి నేర్పిన విద్య తనతోనే మట్టిలో కలుస్తుందనుకుంది. కూతురు దావొన్ అప్పటికే నది దాటి థాయ్‌లాండ్ బట్టల ఫ్యాక్టరీకి పోతానని సంచి సర్దుకుంది.

అప్పుడొచ్చింది రాజధాని వియంతియాన్ నుంచి నొయి అనే పడుచు. పాత నేతతో కొత్త వస్తువులు చేసి అమ్ముతుందట.

"సిన్ అంతా వద్దు పిన్నీ, అంచు ఒక్కటే నేసియ్యి. ఎంత నేస్తే అంత తీసుకుంటా" అంది.

మగ్గం కిందికి దిగింది. దావొన్ సంచి మంచం కిందికి పోయింది. పోగు తెగినప్పుడల్లా తిట్లు తింటూ పిల్ల పని పట్టుకుంది. ఖంపెంగ్‌కు ప్రాణం లేచొచ్చినట్టయింది.

వానలు పడ్డాక నొయి ఒక టోపీ తెచ్చి చూపించింది. దాని చుట్టూ ఆ అంచే.

ఖంపెంగ్ టోపీని తిరిగి నొయి చేతిలోనే పెట్టేసింది. ఆరేసిన సిన్ కింద నుంచి నడిస్తే పాపమని మగవాళ్లు భయపడే ఊరది. ఆమె మొగుడు సోంఫోన్ ఒకప్పుడు కాషాయం కట్టినవాడు, దండెం కనబడితే బురదలో దిగైనా చుట్టు తిరిగి పోతాడు.

"సంచులు కుట్టుకోవమ్మా. కాళ్లకు తగిలేది తెచ్చి మగాళ్ల నెత్తిన పెడతావా? నీకు తెలీదా?"

"తెలుసు పిన్నీ. మా నాన్న కూడా పెట్టుకోడు." నొయి తల దించుకుంది. "సంచులు ఎవరూ కొనట్లేదు. కుర్రాళ్లు ఎగబడేది దీనికే. వద్దంటే చెప్పు, వేరే ఊరు చూసుకుంటా."

టోపీ అక్కడే ఉంచి, రేపు జవాబు చెప్పమని వెళ్లింది.

సాయంత్రం అన్నం బుట్ట మూత ఎవరూ తీయలేదు. టోపీ మధ్యలో ఉంది.

"సంచి బయటికి తీయనా అమ్మా?" అంది దావొన్.

"తీసుకో. పో" అంది ఖంపెంగ్.

సోంఫోన్ చెయ్యి చాచి టోపీ అందుకుని నెత్తిన పెట్టుకున్నాడు.

"తియ్యయ్యా, పాపం" అందామె.

"పిల్ల నది దాటిపోతే నువ్వు తింటావా, నేను తింటానా? నెయ్యండి."

తెల్లారి అతను గేదెను తోలుకుని బయల్దేరాడు. నెత్తిన టోపీ ఉంది. వాకిట్లో దండెం మీద తల్లీకూతుళ్ల సిన్‌లు ఆరుతున్నాయి. సోంఫోన్ ఆగాడు. ఎప్పటిలాగే పక్కకు దిగి, బురద తొక్కుకుంటూ చుట్టు తిరిగి పోయాడు.

దావొన్‌కు నవ్వు ఆగలేదు. ఖంపెంగ్ మగ్గం ముందు కూర్చుంది గానీ, ఆ పూట ఒక్క పోగూ ఎత్తలేకపోయింది.