తారు కింద బిగుసుకున్న నట్టు

మా మేస్త్రి పోయిండని మొన్న పొద్దుగాల తెలిసింది. అశ్వారావుపేటల పామాయిల్ తోట కాడ కూలీలను దింపి కారు తిప్పుకుంటున్న. మా బామ్మర్ది ఫోన్ చేసి, "బావా, షెడ్డు మేస్త్రి ఇగ లేడు. దవాఖానాకు తీస్కపోయేలోపే పాయె" అన్నడు. కారు పక్కకాపి, స్టీరింగ్ మీద తల ఆనిచ్చి ఏడ్చిన. నిజం చెప్పాలంటే మా నాయిన పోయినప్పుడు గూడ గట్ల ఏడ్వలే.

ఆయన బండ్లు బాగుచేసే షెడ్డు మా అత్తగారి ఊరి మలుపుల, భద్రాచలం పోయే రోడ్డు మీద ఉండేది. నాలుగు రేకులు, రెండు మొద్దులు, ఒక జాకీ. గంతే. కుసుమంచి దిక్కు మనిషి, ఈ అడవికి ఎందుకొచ్చిండో ఎవ్వరికీ చెప్పలే. చెవి మీద బీడీ పెట్టుకుంటడు, పని అయ్యేదాక ముట్టియ్యడు. మొండికేసిన నట్టుతోని మాట్లాడుతడు. "ఏం తల్లీ, అలిగినవా?" అంటడు. మేం డ్రైవర్లం పక్కన నిలబడి నవ్వేటోళ్లం.

నాలుగేండ్ల కిందటి వానకాలం. మా దిక్కు సెల్‌ఫోను టవరు ఇంకా రాలే. నా భార్య తొలికాన్పుకు పుట్టింట్ల ఉంది. పొద్దున్నే నొప్పులొచ్చినయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. భద్రాచలం పెద్దదవాఖానాకు పోవాలె. గోదావరి పోటుకు ఊరి ముందటి వాగు ఎగదన్నుతుంది, బస్సులు బందయినయి. ఉన్నదొక్కటే, నా పాత కారు. దాని వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్‌పట్టీ ముందురోజే విరిగి, బండి షెడ్డుల మొద్దుల మీద కూసుంది.

పట్టీ మార్చాలంటే రెండు బోల్టులు ఊడాలె. ఊడితే కదా! ఎండకాలంల నేనే కింద మొత్తం తారు పూసిన. వరద బురదకు ఇనుము తుప్పు పట్టొద్దని మా దిక్కు డ్రైవర్లందరం గట్లనే పూస్తం. తారుల పాత ఇంజనాయిల్ కలిపి, నట్టని చూడకుండ, మరలని చూడకుండ, చీపురుతోని మందంగ పట్టించిన. అది ఎండి రాయి లెక్క అయింది.

మేస్త్రి బండి కింద పండుకొని చాకుతోని తారు గోకుడు షురూ చేసిండు. గోకుడు, తీగ బ్రష్షుతోని రుద్దుడు, డీజిల్ గుడ్డ చుట్టుడు, మళ్ల గోకుడు. నాకు కాలు నిలుస్తలేదు. మా అత్త వానల ఉరికొచ్చి, "మేస్త్రన్నా, నీళ్లు వాగు దాటే చప్టా మీదికెక్కినయి. పిల్ల కండ్లు తేలేస్తుంది" అన్నది.

"గ్యాస్ పెట్టి కాల్చు మేస్త్రీ, జల్దీ!" అని అరిచిన.

"తారు అంటుకుంటది. పక్కనే డీజిల్ ట్యాంకు. పిల్లను దవాఖానాకు తోల్కపోతవా, బండిని తగలబెడ్తవా?"

నేనాగలే. పానాకు పైపు తొడిగి బలమంత పెట్టి గుంజిన. పానా జారింది. నట్టు మూలలు అరిగి గుండ్రమయింది. నా చేతి తోలు లేచింది గని అది గాదు బాధ, పని ఇంకింత వెనక్కి పాయె. కొడతడేమో అనుకున్న. మేస్త్రి నా మొఖం చూసి నెమ్మదిగ అన్నడు: "నీ పెండ్లాం నొప్పులు గా నట్టుకెట్ల తెలుస్తయిరా? పక్కకు కూసో."

శానం పెట్టి సుత్తెతోని కొట్టి ఆ నట్టును చీల్చిండు. దెబ్బ దెబ్బకు నేను వాగు దిక్కు చూసుడే. రెండోదాన్ని విప్పే ముందు ఉల్టా బిగించిండు.

"ఏంది, బిగిస్తున్నవ్?"

"ముందు కొంచెం బిగిస్తేనే పట్టు ఇడుస్తది. ఎన్నిసార్లు చెప్పిన, ఇన్నవా?"

టిక్కుమన్నది. కొంచెం ఇప్పిండు, మళ్ల బిగించిండు, మరలల్ల తారు గోకిండు, మళ్ల ఇప్పిండు. నట్టు చేతిలకొచ్చింది. ఇంకో పాత పట్టీ ఎక్కించి బోల్టులు బిగించిండు. ఇగ పోదామంటే, మరలకు గ్రీజు రాసి సైకిల్ ట్యూబు ముక్కలు చుడుతుండు! "ఇప్పుడు గిదెందుకయ్యా?" అని దండం పెట్టిన.

"మళ్లొకనాడు గూడ ఇది ఊడాలె గద" అన్నడు.

మీకిది చిన్న సంగతే అనిపించొచ్చు. ఆ దినం పుట్టిన నా బిడ్డ ఇప్పుడు అంగన్‌వాడీకి పోతుంది. తల్లి దాని జుట్టు దువ్వుతుంటే చూస్త. గని మేస్త్రి అంటే నాకు దవాఖానా యాదికిరాదు, చప్టానే యాదికొస్తది. వెనక సీట్ల నా భార్య మూలుగుతుంది, అత్త ఆమె తల పట్టుకొని ఏసయ్యా, ఏసయ్యా అంటుంది. ముందట ఎర్రనీళ్లు. చప్టా అంచు కనపడదు. నేను బ్రేకు మీదికెల్లి కాలు తీస్తలే. నా పక్క సీట్ల తోడు కూసున్న మేస్త్రి తలుపు తీసి దిగిండు. మోకాళ్ల మంటి నీళ్లల్ల, అంచును కాలితోని తడుముకుంట బండికి ముందు నడిచిండు. కుడి చెయ్యి పైకెత్తి, వేళ్లు మడుచుకుంట తెరుచుకుంట, ఒక్కసారన్న వెనక్కి తిరగకుండ:

"రానీ... రానీ... రానీ..."