బతికున్న తాతకి సంతాపం

ఆ రోజుల్లో నాకు కంప్యూటరంటే భయం లేదు. కాస్త ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది. డిగ్రీ అయిన కొత్తలో రాజమండ్రిలో, గోదావరి గట్టు పక్కనున్న ఒక మత్స్యకారుల సొసైటీలో చేరాను. సభ్యుల వివరాలు మార్చాలంటే అప్పట్లో ‘మార్చు’ అని ఒక బటన్, ‘సేవ్’ అని ఇంకో బటన్ నొక్కాలి. (నాకది మహా చాదస్తంగా ఉండేది.) నా పోరు పడలేక టచ్ స్క్రీనూ, కొత్త సాఫ్ట్‌వేరూ తెప్పించారు. ఇందులో పేరు పక్కన వేలు పెడితే చాలు, అక్కడికక్కడే మారిపోతుంది, ఎవర్నీ ఏమీ అడగదు. మా మేనేజరు గారు భక్తిపరులు. పొద్దున్నే అగరొత్తి వెలిగించి కంప్యూటరుకి పూజ చేసుకునేవారు. మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం కనుక ఆ కాసేపూ నేను మర్యాదగా బయట మెట్ల మీద నిలబడేవాణ్ణి.

అది గోదారికి ఎర్రనీరు వచ్చి పులస చేపలు ఎదురెక్కే కాలం. ఆ కొద్ది వారాల వేట మీదే చాలా ఇళ్లకి ఏడాది గడవాలి. ఒక ఉదయం, మేమంతా పులస తాత అని పిలిచే ముసలి సభ్యుడు తడి లుంగీతో గుమ్మంలో నిలబడ్డాడు. "నేను పోయేనంటండి బాబూ. మా మనవరాలు చదివింది," అంటూ ఫోను చూపించాడు. అందులో మా సొసైటీ కంప్యూటరు దానంతటదే పంపిన సంతాప సందేశం ఉంది. కంప్యూటర్లో చూస్తే తాత పేరు బూడిదరంగులోకి మారి, పక్కన ‘మృతి’ అని ఉంది. నవ్వుకుంటూ వేలితో తాకి బతికించాను. మర్నాడు మళ్లీ పోయాడు. ఆ మర్నాడూ అంతే. సాయంత్రం నేను చూసి వెళ్లేటప్పుడు బతికుండేవాడు; పొద్దున మెట్ల మీంచి లోపలికి వచ్చేసరికి పోయుండేవాడు. సొసైటీలో అంతమంది ఉండగా ఆయనొక్కడే ఎందుకో తెలియదు. నాకు నవ్వు ఆగిపోయింది. ఆ గదిలో అగరొత్తి వాసన చావింటి వాసనలా తోచసాగింది.

తాత పడవెక్కడం మానేశాడు. "గోదారమ్మ పిలుత్తుందండి. ముందే కబురెట్టింది, ఇంక నీళ్లలో కాలెట్టకూడదు," అనేవాడు. పులసలన్నీ పక్క పడవల్లోకి పోతుంటే ఆయన వల అరుగు మీద ఎండిపోతూ ఉండేది. సీజను దాటితే ఆ ఇల్లెలా గడుస్తుందో తలుచుకుంటే జాలేసేది. (జాలితో పాటు భయం కూడా. నేనూ రేవు స్నానం మానేశాను, ఇంట్లో చెప్పలేదు.)

చివరికి, "నా చావేదో నేనే చూత్తానండి," అని తాత ఒకరోజు పొద్దున్నే వచ్చి కంప్యూటరు ఎదురుగా కూర్చున్నాడు. తోడుగా నేనూ లోపలే ఉండిపోయాను. తెర మీద సభ్యుల పట్టీ, నడిమి వరసలో తాత పేరు. బయట వరద హోరు. మేనేజరు గారు అగరొత్తి తిప్పి, కళ్లు మూసుకుని, ఏదో గొణుక్కుంటూ, కుంకుమ అద్దిన ఉంగరపు వేలితో తెరకి నట్టనడుమ బొట్టు పెట్టారు. తాత పేరు బూడిదరంగులోకి మారింది. ఆయన బొడ్లో ఫోను టింగుమంది. అలవాటు ప్రకారం, తెర పాడవుతుందని మేనేజరు గారు జేబురుమాలుతో బొట్టు తుడిచేసి కళ్లు తెరిచారు. (గుడ్డ తాకితే ఆ తెర పలకదు.) తాత ఆయన వేలికేసి చూసి, "పిలుత్తున్నది మీరాండి," అన్నాడు. మేనేజరు గారి చేతిలోంచి కుంకుమ భరిణె జారిపోయింది. "సరే, బతికించండి బాబూ, ఏటకెళ్లాలి," అని తాత లేచాడు. మేము సాఫ్ట్‌వేరు వాళ్లని బతిమాలి మార్చేముందు అడిగే బటన్లు పెట్టించుకున్నాం.

మొన్న ఎండాకాలంలో తాత నిజంగానే పోయాడు, ఇంట్లో, నిద్రలో. ఇప్పుడు మేనేజరు కుర్చీలో ఉన్నది నేనే. తాత పేరు పక్కన వేలు పెట్టగానే ‘మార్చమంటారా? అవును, కాదు’ అని తెర అడిగింది. ‘కాదు’ నొక్కి టీకి వెళ్లాను. వచ్చి మళ్లీ అదే నొక్కాను. ఆ వారమంతా పట్టీలో తాత బతికే ఉన్నాడు. మనవరాలే ఫోను చేసి, "సంతాపం మెసేజీ ఇంకా రాలేదేంటండి?" అని అడిగితే, సర్వరు పనిచేయడం లేదమ్మా అన్నాను.