బోణీ గొంతు

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. దేవుడి దగ్గర కూడా 'తెలిసీ తెలియక చేసిన తప్పులన్నీ' అని గుండుగుత్తగా ఒప్పుకున్నానే తప్ప, విడిగా దీని పేరెత్తలేదు. తెలియక చేసింది కాదు కాబట్టి. కొన్నేళ్లుగా దీన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకైతే మొహం చూస్తూ చెప్పాలి.

దిల్‌సుఖ్‌నగర్‌లో మాది చీరల దుకాణం. నేను కౌంటరు వెనక పెరిగాను. లోపలికి వచ్చే గిరాకీ చెప్పులు చూసి, బేరం ఎక్కడ ఆగుతుందో చెప్పేయగలను. డాక్టరు మందులు రాసిస్తే "ఇందులో ఒకటి తగ్గించండి సార్" అని అడిగే కుటుంబం మాది. దాన్ని తెలివి అనుకునేవాళ్లం.

మా దుకాణం ముందు నిలబడి గిరాకీని పిలిచే మనిషి యాదగిరి. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, నేను బడికి పోయే రోజుల్లోనే మా నాన్న దగ్గర చేరాడు. నేను యాదన్న అనేదాన్ని. మా వరసలో ప్రతి దుకాణానికీ అలాంటి మనిషి ఒకడుంటాడు. షట్టరు లేచింది మొదలు బస్సు హారన్ల మీదుగా, పక్క దుకాణం మైకు మీదుగా "రాండ్రి అక్కా, చూసిపోండ్రి, కొనకున్నా ఫరవాలేదు" అని అరుస్తూనే ఉండాలి. యాదన్న పిలిస్తే మెట్రో మెట్లు దిగే ఆడవాళ్లు దారి మార్చుకుని మా వైపు వచ్చేవాళ్లు. మా దుకాణం బోర్డు కంటే అతని గొంతే ఎక్కువ మందికి తెలుసు.

చదువైపోయాక నేను ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. గొంతు విని జబ్బును పసిగట్టే యాప్ వాళ్లది. మనిషి ఫోను ముందు కూర్చుని ఒక్క ఊపిరిలో 'ఆ' అని సాగదీయాలి. ఆ శబ్దంలో వణుకెంత, గరగర ఎంత, గాలి ఎక్కడ జారిపోతోంది అని యాప్ లెక్క కట్టి, ఆకుపచ్చో పసుపో ఎరుపో చూపిస్తుంది. ఎరుపు వస్తే జబ్బు ఉన్నట్టు కాదు, వెంటనే గొంతు డాక్టరుకు చూపించుకోమని. శిక్షణలో మాకు పదేపదే చెప్పిన నియమం ఒకటుంది. పక్కన చప్పుడైతేనే మళ్లీ రికార్డు చేయాలి. లేకపోతే మొదట వచ్చిందే ఫలితం.

జనాన్ని పోగుచేయడం నా పని. మా వరస దుకాణదారులకూ పనివాళ్లకూ ఒకరోజు పరీక్షలు పెట్టించాను. చోటు మా సరుకు గది. చుట్టూ చీరల కట్టలు. తలుపు వేస్తే హారను కూడా వినపడదు. దిల్‌సుఖ్‌నగర్ మొత్తంలో ఇంత నిశ్శబ్దమైన గది దొరకదని కంపెనీవాళ్లకు నేనే గొప్పలు చెప్పాను.

మొదట యాదన్నను కూర్చోబెట్టాను. అతను కూర్చుంటే మిగతావాళ్లు జంకకుండా వస్తారని. మా వీధిలో బోణీ సంగతి మీకు తెలిసే ఉంటుంది. పొద్దున మొదటి గిరాకీ ఉత్త చేతులతో తిరిగిపోతే ఆ రోజంతా దుకాణం లేవదని భయం. నష్టానికైనా ఇచ్చి పంపుతారు కానీ బోణీ చెడనివ్వరు. తలుపు బయట దుకాణదారులు నిలబడి ఉన్నారు, సగం మంది వెళ్లిపోదామా అన్నట్టు.

యాదన్న 'ఆ' అన్నాడు. సగంలో గొంతు విరిగింది. ఎరుపు వచ్చింది.

"ఏమొచ్చింది బిడ్డా?"

"ఏం లేదన్నా. బయట చప్పుడైంది. మళ్లొకసారి అను."

చప్పుడు కాలేదు.

మళ్లీ ఎరుపే. గోరువెచ్చని నీళ్లు తెప్పించి తాగించాను. "జర మెల్లగ అను అన్నా. గిరాకీని పిల్చినట్టు గాదు, మనవరాలిని పండవెట్టినట్టు."

నవ్వాడు. "గట్ల పిలిస్తే దుకాణానికి ఎవలొస్తరు?"

ఈసారి పసుపు.

నా మొహం చూసి అతనికి ఏదో అర్థమైంది. "ఏంది బిడ్డా, మిషన్‌తోని గూడ బేరమాడుతున్నవా?"

"మరి? మా నాయిన బిడ్డను గాదా."

"ఆడు ఆడు. నీకు దిగకుంటే ఇంకెవలికి దిగుతది."

యాప్ ఒప్పుకునేంత సేపే, చిన్నగా, ఊపిరి బిగబట్టించి అనిపించాను. ఆకుపచ్చ వచ్చింది. ముందువన్నీ చెరిపేశాను. గొంతు ఇబ్బంది ఏమైనా ఉందా అన్న ప్రశ్నకు 'లేదు' అని నేనే నొక్కాను. తలుపు తీయగానే యాదన్న బయటివాళ్లతో అన్నాడు, "నా గొంతు పాసైందిరా బై, ఇగ మీదే తరువాయి." అందరూ నవ్వారు. వరస కదిలింది. నేను ఎంత సంతోషపడ్డానో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. పడ్డాను.

అప్పుడు నాకేం తెలుసు? అరిచి బతికే వాళ్లందరి గొంతూ అంతే కదా, యాప్‌కు బజారు గొంతులు అలవాటు లేవు కదా అనుకున్నాను. అనుకున్నానా, లేక అనుకోవాలని చూశానా? ఆషాఢం అమ్మకాలు దగ్గరపడ్డాయి, యాదన్న ఆస్పత్రుల చుట్టూ తిరిగితే గుమ్మం ముందు ఎవరు నిలబడతారన్న లెక్క కూడా నా బుర్రలో ఒక మూల నడుస్తూనే ఉంది. ఆ లెక్క నేను వేయలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను.

యాదన్న భార్య సత్తెమ్మ. ఎల్బీ నగర్ అవతల కిరాయి గదిలో ఉండేవాళ్లు. గొంతు బొంగురుపోయింది, దవాఖానకు పో అని ఆమె పోరుతూనే ఉందట. "మిషనే మంచిగున్నదన్నది. మిషన్ కంటె నీకెక్కువ ఎరుకనా?" అనేవాడట. ఆషాఢం అయింది, దసరా అయింది. మిరియాల పాలు తాగుతూ, పటికబెల్లం బుగ్గన పెట్టుకుని పిలుస్తూనే ఉన్నాడు. నేను ప్రతిరోజూ విన్నాను. ఆ గొంతు అరిగిపోవడం వింటూ, ఈ సీజను కానీ, తర్వాత చెబుదాం అనుకున్నాను. మా దుకాణంలో సీజను ఎప్పుడు అయిపోయింది గనక?

ముద్ద దిగనప్పుడు ఆస్పత్రికి వెళ్లాడు. స్వరపేటికలో క్యాన్సరు. ముందే వచ్చి ఉంటే గొంతు మిగిలేదేమో అన్నాడట డాక్టరు. ఆపరేషన్ చేసి తీసేశారు. మెడ మీద ఊపిరికి ఒక రంధ్రం.

నాన్న అతన్ని లోపల చీరలు మడతపెట్టే పనిలో పెట్టాడు. గుమ్మంలో ఇంకో మనిషి పిలుస్తుంటే, యాదన్న చేతిలో చీర అలాగే పట్టుకుని బయటికి చూసేవాడు. ఒకరోజు నేను ఎదురుపడితే నా చేతిలోని ఫోను వైపు చూపించాడు. తర్వాత తన మెడ చూపించాడు. అరచెయ్యి తిప్పాడు. అప్పుడు మంచిగుందన్నది కదా, ఎట్లయింది ఇది? కోపంగా కాదు. నాకు తెలిసే ఉంటుందని అడిగాడు.

"మిషన్లు గంతే అన్నా. ఒక్కోసారి గట్లనే తప్పు చెప్తయి" అన్నాను.

తలూపాడు. చీర మడత పెట్టుకున్నాడు. మొదటి తప్పుకు నా దగ్గర ఏవో సాకులున్నాయి. దీనికి లేవు.

జబ్బు తిరగబెట్టింది. మరుసటి ఆషాఢం అతను చూడలేదు. పదకొండో రోజున సత్తెమ్మ నా చెయ్యి పట్టుకుని, "మిషన్‌ను నమ్మి ఆగినం బిడ్డా. నువ్వైతే మా మంచికే చేసినవు" అంది. నేను నా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె ఇచ్చిన మెప్పు పుచ్చుకున్నాను.

ఆ కంపెనీ నేను మానేశాను. ఆ రోజు పంపిన యాదన్న గొంతు రికార్డు మాత్రం ఇంకా వాళ్ల దగ్గర ఎక్కడో, ఆరోగ్యంగా ఉన్న మనిషి గొంతుగా ఉండే ఉంటుంది. దాన్ని సరిచేయమని అడగాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పలేదు.

సత్తెమ్మ ఇప్పటికీ ఆ గదిలోనే ఉంది. వెళ్లి చెప్పాలా? చెబితే ఆమెకు ఏం ఒరుగుతుంది, నాకు తప్ప? చెప్పకపోవడానికి ఇదీ ఒక మంచి సాకే. ఆమెకు చెప్పాల్సింది ముందు మీకు చెబుతున్నాను, ఇది తేలిక కాబట్టి. అది కూడా నాకు తెలుసు.

ఆమె క్షమించాలని రాయడం లేదు. ఇన్నేళ్లలో ఈ వాక్యాన్ని ఒక్కసారైనా చివరిదాకా అనగలనా అని చూడటానికి రాస్తున్నాను.

మిషన్ తప్పు చెప్పలేదు సత్తెమ్మా. మొదటిసారే ఎర్రగా వచ్చింది. నేను చూశాను.